రొమ్ము ఉంచుకోవాలనుకోవడం తప్పా?

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నారు. వయసు నలభై అయిదు. ఇంటి ముందు గదిలో జాకెట్లు కుడతారు. భర్త ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పని చేస్తారు. కూతురు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది, కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు కదా అని రెండు నెలలు ఊరుకున్నారు. తర్వాత ముక్క పరీక్ష చేయిస్తే క్యాన్సర్ అని తేలింది. గడ్డ రెండు సెంటీమీటర్లు ఉంది, చంకలో బిళ్ళలేవీ స్కానింగ్‌లో కనబడలేదు. సూర్యారావుపేటలో చూస్తున్న డాక్టర్ రెండు దారులు చెప్పారు: గడ్డ వరకు తీసి తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టడం, లేదా రొమ్ము మొత్తం తీసెయ్యడం. ఆలోచించుకుని చెప్పమన్నారు.

ఇంట్లో ఆలోచన ఒక్క పూటలో తేలిపోయింది. “ఈ వయసులో అది ఉంటే ఎంత, లేకపోతే ఎంత? తీయించేస్తే పీడ పోతుంది” అన్నారు అత్తగారు. “నువ్వు ప్రతిదానికీ టెన్షన్ పడతావక్కా, అందుకే వచ్చింది” అంది తోటికోడలు. భర్త మాత్రం “డాక్టర్ గారు ఏది చెబితే అది” అని హాల్లో పక్క వేసుకోవడం మొదలుపెట్టారు. కూతురికి తెనాలి సంబంధం దాదాపు ఖాయమైంది, వచ్చే నెల తాంబూలాలు. అందుకని బంధువులకే కాదు, కూతురికి కూడా “చిన్న గడ్డ ఆపరేషన్” అనే చెప్పారు. ఈమె పిన్ని యాభై ఏళ్ళు నిండకుండానే ఇదే జబ్బుతో పోయారు. ఇప్పుడు రాత్రి మూడింటికి మెలకువ వస్తోంది. అన్నం సహించడం లేదు. ఎవరికైనా ఛాతీ కొలత తీయాలంటే టేపు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. అత్తగారి నిద్రమాత్ర సగం విరిచి వేసుకుంటున్నారు. అడిగినవి మూడు: రొమ్ము ఉంచుకోవాలనుకోవడం తప్పా? తెనాలి వాళ్ళకు చెప్పాలా? నాకు పిచ్చెక్కుతోందా?

అమ్మా, ముందు మీ ఉత్తరం చివర ఉన్న ఒక వాక్యం గురించి మాట్లాడతాను. “ఒక రాత్రి, నిద్రలోనే పోతే అందరికీ తేలిక అనిపించింది” అని రాసి, కొట్టేసి, పక్కనే మళ్ళీ రాశారు. క్యాన్సర్ అన్న మాట విన్న చాలామందికి ఏదో ఒక రాత్రి ఇలా అనిపిస్తుంది. అనిపించినంత మాత్రాన మీరు పిరికివారూ కారు, పిచ్చివారూ కారు. కానీ ఇది ఒంటరిగా మోసే ఆలోచన కాదు. మళ్ళీ వచ్చినా, ‘పోతే బాగుండు’ అన్నది ‘ఎలా’ అన్నదాకా వెళ్ళినా, తెల్లారేదాకా ఆగకండి. హాల్లో పడుకున్న మనిషిని లేపి చెప్పండి. టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన సేవ ఉంది, నంబరు 14416. రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఆ నిద్రమాత్ర ఇంకొకరి వయసుకూ, ఒంటికీ రాసింది. ఎన్నాళ్ళుగా వేసుకుంటున్నారో, దాని పేరేమిటో మీ డాక్టర్‌కు, ఆపరేషన్ ముందు మత్తు ఇచ్చే డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. మత్తు మందు లెక్క వేసేటప్పుడు వాళ్ళకది తెలియాలి.

పిచ్చెక్కడం లేదు. జబ్బు పేరు విన్న మొదటి వారాల్లో నిద్ర పట్టకపోవడం, గుండె దడ, చిన్న మాటకే కళ్ళనీళ్ళు రావడం, ఎవరేం చెప్పినా చెవికెక్కకపోవడం ఉంటాయి. రొమ్ముకు ఆపరేషన్ అనగానే ఆడవాళ్ళు ప్రాణం గురించి ఒక్కటే కాదు, ఒంటి గురించి, భర్త గురించి, పిల్లల పెళ్ళిళ్ళ గురించి, ఖర్చు గురించి ఒకేసారి భయపడతారు. ఆ భయాలు తెల్లవారుజామునే వచ్చి కూర్చుంటాయి. అయితే రోజులో ఎక్కువసేపు దిగులుగానే ఉండడం, దేని మీదా మనసు పోకపోవడం, తిండీ నిద్రా చెడడం రెండు వారాలు దాటి సాగితే, దాన్ని ‘సహజమే’ అని వదిలెయ్యకూడదు. అప్పుడది డిప్రెషన్ కావచ్చు, దానికి వైద్యం ఉంది. మీ లక్షణాలు ఆ గీత దగ్గరికి వచ్చాయనే నాకు అనిపిస్తోంది. ఆపరేషన్‌కు ముందే ఒకసారి సైకియాట్రిస్టును కానీ కౌన్సెలర్‌ను కానీ కలవండి. మీరు చూపించుకునే ఆసుపత్రిలో లేకపోతే విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో, గుంటూరు జీజీహెచ్‌లో, మంగళగిరి ఎయిమ్స్‌లో ఆ విభాగాలున్నాయి. ఒక జాగ్రత్త: రేపు మీకు హార్మోన్ మాత్ర, టామాక్సిఫెన్, రాసే అవకాశం ఉంది. దిగులుకిచ్చే మందుల్లో పారాక్సిటిన్, ఫ్లూఆక్సిటిన్ వంటి కొన్ని దాని పనిని తగ్గిస్తాయి. కాబట్టి క్యాన్సర్ సంగతి సైకియాట్రిస్టుకు, దిగులు మందు సంగతి క్యాన్సర్ డాక్టర్‌కు తెలిసి తీరాలి.

మీ తోటికోడలి మాటను మనసులోంచి తీసెయ్యండి. టెన్షన్ పడితే రొమ్ము క్యాన్సర్ వస్తుందని నిరూపించిన ఆధారమేదీ లేదు. మీరు ఎక్కువ ఆలోచించడం వల్ల రాలేదు, రెండు నెలలు ఊరుకున్నందుకూ రాలేదు. ‘ధైర్యంగా ఉంటేనే మందు పట్టేది’ అని కూడా చెబుతుంటారు. ఏడిస్తే మందు పట్టకపోవడం ఉండదు. ఏడవండి.

ఇక రొమ్ము సంగతి. ఒకప్పుడు ఈ జబ్బంటే రొమ్ముతో పాటు కింది కండరాలు కూడా తీసేసేవాళ్ళు. ఎంత ఎక్కువ తీస్తే అంత క్షేమం అని డెబ్బై ఎనభై ఏళ్ళు నమ్మారు. ఇటలీలోని మిలాన్‌లో వెరొనేసి, అమెరికాలో ఫిషర్ అనే సర్జన్లు 1970లలో దాన్ని పరీక్షకు పెట్టారు. కొందరికి మొత్తం తీశారు, కొందరికి గడ్డ వరకు తీసి కరెంటు పెట్టారు. ఇరవై ఏళ్ళు వాళ్ళ బాగోగులు చూసి 2002లో ఫలితాలు ప్రకటించారు. బతికి ఉన్నవారి సంఖ్యలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. మీ అత్తగారు పోతుందంటున్న ‘పీడ’ మీలాంటి తొలిదశ గడ్డల్లో రెండు దారుల్లోనూ దాదాపు ఒకేలా పోతుంది. అందుకే డాక్టర్ నిర్ణయం మీకు వదిలారు. దానికి ఆయనకు తెలియకపోవడం కారణం కాదు. వైద్యం వైపు నుంచి రెండూ సరైనవే, కాబట్టి తేల్చాల్సింది మీరు ఎలా బతకాలనుకుంటున్నారన్నదే. అందులో ‘డాక్టర్ గారు ఏది చెబితే అది’ అన్న జవాబుకు చోటు లేదు. నలభై అయిదేళ్ళ ఆడమనిషి తన ఒంటిని ఉన్నంతలో ఉంచుకోవాలనుకోవడం సోకు కాదు, సిగ్గుపడాల్సిన కోరికా కాదు.

గడ్డ వరకే తీయించుకుంటే ఏమవుతుందో చెబుతాను. గడ్డతో పాటు చుట్టూ కొంత మంచి కండ కూడా తీస్తారు, మీరు జాకెట్‌కు కుట్టు బయట గుడ్డ వదిలినట్టు. ఆ అంచుల్లో క్యాన్సర్ కణాలు ఉన్నాయని పరీక్షలో తేలితే మళ్ళీ ఇంకొంచెం తీయాల్సి రావచ్చు. ఇది అందరికీ జరగదు, కానీ జరిగినప్పుడు ‘తిరగబెట్టింది’ అని కుప్పకూలకుండా ఉండాలంటే ముందే తెలిసి ఉండాలి. తర్వాత వారానికి అయిదు రోజుల చొప్పున మూడు నుంచి అయిదు వారాలు కరెంటుకు వెళ్ళాలి. దాన్ని మానడానికి లేదు. ఆ అమెరికా పరిశోధనలో గడ్డ వరకే తీసి కరెంటు పెట్టని మూడో వర్గం కూడా ఉంది. వారిలో 39 శాతం మందికి అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టింది, పెట్టించుకున్న వారిలో 14 శాతం మందికి. కాబట్టి రోజూ వెళ్ళలేని పరిస్థితి ఉంటే ఈ దారి వద్దు. మీరు ఊళ్ళోనే ఉన్నారు గనుక మీకది కష్టం కాకపోవచ్చు. ఆ రొమ్ము కాస్త చిన్నదవుతుంది, గట్టిపడినట్టు ఉంటుంది. ఏడాదికోసారి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) ఉంటుంది, రిపోర్టు వచ్చేదాకా ప్రతిసారీ గుండె గొంతులో ఉంటుంది.

మొత్తం తీయిస్తే ఆ పక్క మళ్ళీ వచ్చే అవకాశం తగ్గుతుంది, పూర్తిగా పోదు. చంక బిళ్ళల్లో ఏమీ లేకపోతే చాలామందికి కరెంటు అక్కర్లేకపోవచ్చు. రొమ్ము తీయించేస్తే కీమో తప్పుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కీమో అవసరమా కాదా అన్నది గడ్డ స్వభావం, హార్మోన్ పరీక్షలు, హెర్-2 అనే ప్రొటీన్ పరీక్ష, బిళ్ళలకు పాకిందా లేదా అన్నవాటిని బట్టి ఉంటుంది. ఎంత కోశారన్నదాన్ని బట్టి ఉండదు. ఛాతీ ఆ పక్క మొద్దుబారినట్టు ఉంటుంది. లేని రొమ్ములో దురదో పోటో ఉన్నట్టు కొందరికి అనిపిస్తుంది. అదీ పిచ్చి కాదు, తెగిన నరాల పని. రొమ్మును మళ్ళీ నిర్మించే ఆపరేషన్ అప్పుడే చేయించుకోవచ్చు, ఏడాది రెండేళ్ళ తర్వాతా చేయించుకోవచ్చు, అసలు వద్దనుకోవచ్చు. ఆపరేషన్ లేకుండా, జాకెట్ లోపల పెట్టుకునే సిలికాన్ రొమ్ములు కూడా దొరుకుతాయి. వాటికి బరువుంటుంది కాబట్టి నడుము, భుజం ఒక పక్కకు లాగవు. వాటికి జాకెట్ లోపల జేబు కుట్టడం మీకంటే బాగా ఎవరికి వస్తుంది?

అలాగని ఉంచుకోవడమే సరైనదని నేననడం లేదు. ‘అది ఒంటి మీద ఉన్నంతకాలం నాకు నిద్ర పట్టదు’ అని తీయించుకుని, ఆ తర్వాత హాయిగా ఉన్న ఆడవాళ్ళను చూశాను. అత్తగారి మాట కాదనలేక తీయించుకుని, కట్టు విప్పిన రోజు నుంచి ఏళ్ళ తరబడి దీపం ఆర్పి స్నానం చేసినవాళ్ళనూ చూశాను. ఇద్దరికీ జరిగిన ఆపరేషన్ ఒక్కటే. మొదటివారు తామే అడిగి చేయించుకున్నారు, రెండోవారి తరఫున ఇంట్లోవాళ్ళు చెప్పేశారు. మీరు ఏది ఎంచుకున్నా ఆ మాట డాక్టర్‌కు మీ నోటితో చెప్పండి. ఇంకో సర్జన్ అభిప్రాయం కావాలంటే రిపోర్టులు తీసుకుని వెళ్ళండి, అది మొదటి డాక్టర్‌ను అవమానించడం కాదు. దీనికి రెండు మూడు వారాలు పట్టినా ఏమీ మించిపోదు. తాంబూలాలు అవ్వాలి, పెళ్ళి అవ్వాలి అని నెలల కొద్దీ జరపడం మాత్రం వద్దు.

నిర్ణయానికి ముందు డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, మీ ఉత్తరం చదువుతుంటే అదే నన్ను ఆపేసింది. మీ పిన్ని విషయం ఆయనకు చెప్పారా? రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం వంశపారంపర్యం కాదు, అలా వచ్చేవి నూటికి అయిదు నుంచి పది. కానీ మీకు నలభై అయిదుకే రావడం, అమ్మ వైపు పిన్నికి యాభై లోపే రావడం చూస్తే, జన్యు పరీక్ష అవసరమేమో అడగాలి. రక్తం తీసి చేసే పరీక్షే. బీఆర్‌సీఏ వంటి జన్యువులో లోపం ఉందని తేలితే ఎంత తీయాలి, రెండో రొమ్మును ఏం చెయ్యాలి అన్న ఆలోచన కూడా మారవచ్చు. అందుకే ఆపరేషన్ అయ్యాక కాదు, ముందే అడగండి.

ఇక్కడే మీ అమ్మాయి సంగతి వస్తుంది. తెనాలి వాళ్ళకు చెప్పాలా అని అడిగారు. ఆ ప్రశ్న రెండోది. మొదట చెప్పాల్సింది మీ అమ్మాయికి. ఆ పిల్ల ఉద్యోగం చేసుకుంటున్న పెద్దమనిషి. కుటుంబంలో ఉన్న జబ్బు గురించి తెలుసుకునే హక్కు ఆమెకుంది, రేపెప్పుడైనా తనకు తాను పరీక్షలు చేయించుకోవాలో వద్దో తేల్చుకోవడానికి కూడా అది తెలియాలి. దాచారనుకోండి. కట్టు, డ్రెయిన్ గొట్టం, కీమో పడితే రెండు మూడు వారాల్లో ఊడిపోయే జుట్టు, వీటిని ‘చిన్న గడ్డ’ అనే మాట ఎన్నాళ్ళు కప్పుతుంది? తాంబూలాల పందిట్లో ఎవరి నోటి వెంటో వింటే ఆమెకు మీ జబ్బు కంటే మీరు దాచడమే ఎక్కువ బాధ పెడుతుంది. మీ దిగులులో సగం ఈ దాపరికం నుంచే వస్తోందని నా అభిప్రాయం. భయాన్ని ఒక్క మనిషితో కూడా మాట్లాడడానికి వీల్లేకుండా చేసి, పైగా రోజంతా ఏమీ లేనట్టు నటించమంటే ఎవరి చెయ్యి వణకదు?

అమ్మాయికి చెప్పాక, తెనాలి వాళ్ళ సంగతి ఆమెతో కలిసి తేల్చుకోండి. తాంబూలాలకు ముందే చెబితే సంబంధం తప్పిపోవచ్చు. బాధే, కానీ పెళ్ళికూతురి తల్లి జబ్బు విని వెనక్కి వెళ్ళేవాళ్ళ ఇంట్లో రేపు మీ పిల్లకు జ్వరమొచ్చినా ఎలా చూస్తారో ముందే తెలిసినట్టు. ఉండిపోతే ఆ పిల్ల ఏ బరువూ లేకుండా ఆ గడప తొక్కుతుంది. ఆపరేషన్ అయి, రిపోర్టులన్నీ చేతికొచ్చాక చెప్పడం ఇంకో పద్ధతి. అప్పుడు ‘ఇదీ జబ్బు, ఇదీ వైద్యం’ అని తేటగా చెప్పగలరు, కానీ తాంబూలాలు కొన్నాళ్ళు జరుపుకోవాలి. అసలు చెప్పకపోవడం కూడా మీ చేతిలో ఉన్నదే, మన ఊళ్ళలో చాలా ఇళ్ళలో జరిగేదీ అదే. అయితే పెళ్ళయ్యాక బయటపడితే ఆ మాట పడేది మీరు కాదు, అమ్మాయి. ఆ బరువు ఆమె నెత్తిన పెట్టే ముందు ఆమెనే అడగాలి. పెళ్ళికొడుకుతో ముందు తనే మాట్లాడతానని అంటుందేమో, ఈ కాలం పిల్లలు చాలామంది అలాగే చేస్తున్నారు. అననివ్వండి.

హాల్లో పక్క వేసుకున్న మీ ఆయన గురించి ‘అసహ్యం పుట్టిందేమో’ అని రాశారు. ఆయన మనసులో ఏముందో నేను చెప్పలేను. కానీ ఇలా దూరం జరిగిన భర్తల్లో చాలామందిని కూర్చోబెట్టి అడిగితే చెప్పేది భయం గురించే. ముట్టుకుంటే నొప్పి పుడుతుందేమోనని, పక్కన పడుకుంటే తన ఏడుపు మీకు వినబడుతుందేమోనని, డబ్బు ఎక్కడినుంచి తేవాలోనని. కొందరికి ఈ జబ్బు అంటుకుంటుందన్న అపోహ కూడా ఉంటుంది. అంటుకోదు. ముట్టుకుంటే రాదు, ఒకే కంచంలో తిన్నా రాదు, కలిసి పడుకున్నా రాదు. మీరు నోరు తెరవకుండా ఆయనే అర్థం చేసుకోవాలని ఎదురుచూస్తే ఇద్దరూ రెండు గదుల్లో మేలుకునే ఉంటారు. ‘నాకు నువ్వు నిర్ణయం చెప్పక్కర్లేదు, డాక్టర్ దగ్గర నా పక్కన కూర్చుని విను చాలు’ అని అడిగి చూడండి. ఈసారి వెళ్ళేటప్పుడు ప్రశ్నలు కాగితం మీద రాసి ఆయన చేతికివ్వండి. భయంలో ఉన్నవాళ్ళకు డాక్టర్ గదిలో విన్నది సగం గుర్తుండదు. ఖర్చు గురించి ఆయన మథనపడుతుంటే, మీకు అర్హత ఉన్న పక్షంలో రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్యసేవ పథకం కింద క్యాన్సర్ ఆపరేషన్, కీమో, కరెంటు చేస్తారు. మీ ఆసుపత్రిలో ఆ పథకం ఉందో లేదో అక్కడ అడిగించండి. గుంటూరు జీజీహెచ్‌లో నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది, అదీ మీకు దూరం కాదు.

ఆపరేషన్ తర్వాత మొదటిసారి ఆ చోటు ఎలా చూసుకోవాలో కూడా ముందే అనుకోండి. కట్టు మార్చేటప్పుడు నర్సు పక్కనుండగా చూసుకోవచ్చు. ఇంటికొచ్చాక ఒంటరిగానో, మీ ఆయనతోనో చూసుకోవచ్చు. తొలి వారం అసలు చూడకపోయినా తప్పు లేదు. నెలలు గడిచినా అద్దం వైపు తిరగలేకపోతే మాత్రం అది కౌన్సెలర్‌తో మాట్లాడాల్సిన విషయం.

మీ పని గురించి మీరు అడగలేదు, కానీ చెప్పాలి. చంకలో బిళ్ళలన్నీ తీసేస్తే చెయ్యి వాచే ప్రమాదం పెరుగుతుంది. రంగు మందు ఎక్కించి, క్యాన్సర్ ముందుగా పాకే ఒకటి రెండు బిళ్ళలే తీసి పరీక్షించే పద్ధతి ఉంది. స్కానింగ్‌లో బిళ్ళలు కనబడలేదన్నారు గనుక అది మీకు కుదురుతుందా అని అడగండి, ‘నేను కుట్టుపని చేస్తాను’ అని మరీ చెప్పండి. ఆపరేషన్ అయ్యాక డాక్టర్ చెప్పిన రోజు నుంచి చేతి వ్యాయామాలు బద్ధకించకుండా చెయ్యాలి, లేకపోతే భుజం బిగుసుకుపోతుంది. ఆ చేతికి సూది గుచ్చుకోకుండా వేలికి తొడుగు పెట్టుకోండి. ఇస్త్రీ పెట్టె వేడి తగలనివ్వకండి. చెయ్యి బరువెక్కినట్టున్నా, గాజులు బిగిసినా వెంటనే చూపించండి. పండగ ఆర్డర్లు ఇప్పుడు ఒప్పుకోకండి. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు రోజుకొక జాకెట్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే చేతి నిండా పని ఉండడం మనసుకూ మందే.

చివరిగా ఒకటి. చికిత్స జరుగుతున్నన్నాళ్ళూ అందరూ చుట్టూ ఉంటారు. కరెంటు ఆఖరి రోజు అయిపోయాక ‘ఇంకేం, బాగైపోయావుగా’ అని ఎవరి పనుల్లోకి వాళ్ళు వెళ్ళిపోతారు. దిగులు ఎక్కువగా పట్టుకునేది చాలామందికి అప్పుడే. అందుకని ఆ నెలలో కౌన్సెలర్ దగ్గరికో సైకియాట్రిస్టు దగ్గరికో వెళ్ళే తేదీ ఇప్పుడే రాయించుకోండి. ఆ తేదీ మీ అమ్మాయికి కూడా చెప్పి ఉంచండి.